శాలువాల దారిలో ఒక బొంత

బట్టలు తక్కువ కొనండి, కొన్నవి ఎక్కువ కాలం వాడండి అని ఊరూరా చెప్పడానికి వెళ్లి, సూట్‌కేసు మూత పడనన్ని శాలువాలు కప్పించుకున్న మనిషిని నేను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు చెప్పే ఊపు పోతుంది.

మాది తెనాలి. కాలేజీలో హోమ్‌సైన్సు చెప్పి రిటైరయ్యాను. నోరు కాస్త పెద్దదని పేరుంది, అది అబద్ధమని నేనెప్పుడూ వాదించలేదు. పోయినేడు ఒక పత్రికలో మనం కట్టి పారేసే బట్టల గుట్టల గురించీ, చీర రంగుల కోసం పాడయ్యే నీళ్ల గురించీ, ఉతికినప్పుడల్లా కాలవలోకి పోయే ప్లాస్టిక్ నూగు గురించీ ఒక వ్యాసం రాశాను. తెనాలిలో ఎవరూ చదివిన జాడ లేదు. మా ఆయన మాత్రం చదివి, అచ్చుతప్పులు రెండున్నాయన్నారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు లెండి, తప్పులు కనబడకపోతే అన్నం సయించదు.

అలాంటిది కరీంనగర్ నుంచి ఫోనొచ్చింది. చేసినాయన రాజలింగం గారు. బ్యాంకులో పనిచేసి రిటైరై, అక్కడి ఒక పర్యావరణ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు.

"మేడం, మీ వ్యాసం చదివి మేమందరం పరేషాన్ అయినం. డిసెంబర్‌ల జర మా దిక్కు రావాలె. కరీంనగర్ కాంచి ఆదిలాబాద్ దాంక సభలు పెడ్తం. అన్నీ నేనే చూసుకుంట, మీరేం ఫికర్ చెయ్యకుండ్రి."

నేను ఎగిరి గంతేసి సరేనన్నాను. మా ఆయన మాత్రం ఒక్క షరతు పెట్టారు. "వెళ్లిరా. కానీ ఇంకొక్క శాలువా ఈ గడప దాటి లోపలికొస్తే నేను బయటికి పోతాను."

ఆయన బాధలో న్యాయముంది. బడిలో ఆయనకూ, కాలేజీలో నాకూ కప్పిన శాలువాలతో మా అటక నిండిపోయింది. కప్పుకుంటే చలి ఆగదు, చింపి తుడుపుగుడ్డ చేద్దామంటే నీళ్లు పీల్చవు. స్టీలు సామాన్లకు పాత బట్టలు తీసుకునే ఆవిడ కూడా, "శాలువాలు మాకొద్దమ్మా, చీరలుంటే చూడండి" అని పక్కింటికి పోయింది. ఇంత మాట్లాడే మా ఆయన, రిటైర్మెంటు రోజున కప్పిన జరీ అంచు మెరూన్ శాలువాని మాత్రం ప్లాస్టిక్ కవర్లో, కలరా ఉండలు వేసి బీరువాలో దాచుకున్నారు. దాని జోలికి నేనే కాదు, దుమ్ము కూడా పోకూడదు. ఆయన దాన్ని ఒక్క రోజూ కప్పుకోలేదు.

కరీంనగర్

బస్సు దిగగానే నా మొహం నాకే ఎదురొచ్చింది. ఫ్లెక్సీ మీద, వీధి తలుపంత మొహం. కింద "బట్టల వ్యర్థాలను అరికడదాం" అని ఉంది. ఆ ఫ్లెక్సీ ఏ గుడ్డతో చేశారో, సభయ్యాక అది ఎక్కడికి పోతుందో అడుగుదామనుకున్నాను గానీ, నా మొహం చూసుకున్న మురిపెంలో ఆ మాటే మర్చిపోయాను.

సభ దగ్గర కుర్రాళ్లూ పెద్దవాళ్లూ అందరూ ఆకుపచ్చ టీషర్టుల్లో ఉన్నారు. వీపు మీద "ఒక్కసారి వాడి పారేసేవి వద్దు" అని ఉంది. దాని కిందే ఆ రోజు తేదీ అచ్చేసి ఉంది. మర్నాడు తొడుక్కుంటే నవ్వుతారు, కాబట్టి ఒక్కసారికే. నేను వేలు పెట్టి చూపించాను. రాజలింగం గారు గర్వంగా, "యాది ఉండాలె గద మేడం, గందుకే తారీఖు" అన్నారు.

వేదిక ఎక్కాక సన్మానాలు మొదలయ్యాయి. నేను ముందే తేల్చుకుని వచ్చాను గనక లేచి నిలబడి, "నాకు శాలువా వద్దండి. నేను వచ్చిందే ఈ మాట చెప్పడానికి" అన్నాను. హాలు గతుక్కుమంది. రాజలింగం గారు ఒక్క క్షణం తడబడి, మైకు లాక్కున్నారు.

"చూసిండ్రా! ఎంత నిరాడంబరత! గీ నిరాడంబరతకు మన సంఘం తరఫున మేడంకు ఇంకొక శాలువ!"

రెండు కప్పారు. చప్పట్లు మోగిపోయాయి. కూర్చున్నాక చెమట పట్టి, మెల్లగా భుజం మీంచి ఒకటి జార్చబోతే ఆయన నా చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడారు. "మేడం, మేడం! కప్పినంక తియ్యొద్దు. అవమానమయితది."

"ఎవరికండీ? కప్పినవాళ్లకా?"

"కప్పినోళ్లకు, కప్పుకున్నోళ్లకు, సూసినోళ్లకు. అందరికి."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేనూ పెట్టుకున్నాను.

సన్మానాలకు మధ్యాహ్నమంతా పట్టింది. నాకు మిగిలింది, "టైం లేదు, జర రెండు ముక్కలల్ల చెప్పుండ్రి మేడం" అన్న చీటీ. చెప్పాను. దిగాక ఒకాయన నన్ను తన బట్టల కొట్టుకు తీసుకుపోయారు. అక్కడ పర్యావరణ హిత చీరల మేళా జరుగుతోందట. ఒకటి కొంటే ఒకటి ఉచితం. "నాకు ఒకటి కూడా అక్కర్లేదయ్యా" అంటే, ఆయన నొచ్చుకుని, "భూమిని కాపాడాలంటే రెండు తీస్కోవాలె మేడం" అన్నారు. ఏ లెక్కన కాపాడతానో ఆయన చెప్పలేదు, నేనూ అడిగే ఓపిక లేక బయటపడ్డాను.

సాయంత్రం రాజలింగం గారి ఇంట్లో సర్వపిండి పెట్టారు. మా వైపు తపేలా చెక్క అంటామే, దానికి చెల్లెలు. కాకపోతే వీళ్లు నువ్వులు, పల్లీలు ధారాళంగా వేసి, గిన్నెలోపలే అంటించి కాలుస్తారు. కారం దగ్గర మా గుంటూరు వాళ్లకు ఎవరూ సాటి రారనుకునేదాన్ని. ఆ రాత్రి మూడు చెంబుల నీళ్లు తాగాక ఆ అహం కొంత తగ్గింది.

సుల్తానాబాద్

నా తెలివి చెప్తాను వినండి. పొద్దున్నే లాడ్జి ఖాళీ చేస్తూ రెండు శాలువాలనూ అలమారాలో మడతపెట్టి వదిలేశాను. ఎవరో ఒకరు కప్పుకుంటారు, పీడా పోతుంది అనుకున్నాను. కారు ఊరు దాటి పొలాల మధ్య పడింది. వరి కోతలైపోయి మళ్లు బోడిగా ఉన్నాయి. వెనక నుంచి ఎవరో బైకు మీద హారన్ కొడుతూ, చెయ్యూపుతూ వస్తున్నారు. ఏ ప్రమాదమో అనుకుని ఆపితే, లాడ్జి మేనేజరు. చలిలో కళ్లు నీళ్లు కారుతున్నాయి పాపం.

"మేడం, సన్మానం మర్చిపోయి వచ్చిండ్రు!" అని రెండు శాలువాలూ నా ఒళ్లో పెట్టాడు. టీ తాగిపొమ్మంటే కూడా ఆగలేదు.

తిట్టడానికి నోరు రాలేదు. అంత దూరం వచ్చాడు మరి. మా తెనాలిలో లాడ్జీలో గొలుసు మర్చిపోతే తిరిగి రావడం కష్టం. ఇక్కడ శాలువాని కూడా పోనివ్వరు.

సుల్తానాబాద్‌లో సభ ఒక రైసుమిల్లు ఆవరణలో జరిగింది. ఊక దుమ్ము మధ్యన నేను ప్లాస్టిక్ నూగు గురించి చెప్తుంటే ముందు వరసలోని పెద్దాయన తుమ్ముతూనే ఉన్నాడు. అక్కడ ఆడవాళ్లకు శాలువాతో పాటు జాకెట్టు ముక్క కూడా పెడతారు. నాకు పెట్టిన ముక్క పచ్చది. మడత మీద పాత పసుపు మరక ఉంది. ఎన్ని పేరంటాలు తిరిగి నా దాకా వచ్చిందో! నిజం చెప్పొద్దూ, ఆ ముక్కను చూస్తే ముచ్చటేసింది. కుట్టించుకునేవాళ్లు లేకపోయినా, పారేసేవాళ్లూ లేరు. మా ఇంట్లోనూ అలాంటివి ఓ పెట్టెడు ఉన్నాయి.

పెద్దపల్లి రైలు గేటు దగ్గర మిర్చి బజ్జీలు తిన్నాం. కాగితంలో చుట్టిచ్చారు. ఆ కాగితం నా సభ కరపత్రమే. ఈ యాత్ర మొత్తంలో పునర్వినియోగమంటే అదొక్కటే కనబడింది అప్పటికి.

గోదావరిఖని

ఇక్కడ బొగ్గు కంపెనీ క్వార్టర్లు వరసగా ఉంటాయి. ఎవరినడిగినా "మాది ఈడ గాదు" అంటారు. తాతలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి బొగ్గుబావుల్లో దిగినవాళ్లు. తెల్లచొక్కా ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగు తిరుగుతుంది. అందుకే ఇక్కడ తెల్లచొక్కా వాడు కనిపిస్తే కొత్తవాడని లెక్క.

సభ మిషన్ చర్చి హాలులో పెట్టారు. క్రిస్మస్ దగ్గర పడింది గనక నక్షత్రాలు కట్టి ఉన్నాయి. ప్రార్థన చేసిన పాస్టరుకు శాలువా, హాలిచ్చిన కమిటీకి శాలువాలు, నాకు మామూలే. సభయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఒకావిడ మాత్రం కుర్చీలు సర్దుతూ ఆగింది. నలభై దాటిన మనిషి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది.

"మేడం, కొత్తయి కొనొద్దన్నరు, మంచిగనే ఉన్నది. మీ మెడల ఉన్నదాని గురించి ఏమనలే?"

నేను పకపకా నవ్వేశాను. కరీంనగర్‌లో ఒకసారి అని, మళ్లీ నేను అనలేకపోయిన మాట అది. ఆవిడ పేరు సలోమి. కుట్టుమిషన్ మీద బట్టలు కుడుతుంది. భర్త బొగ్గుబావిలో పని చేస్తాడు. పక్కనే ఉన్న వాళ్ల క్వార్టరుకు టీకి తీసుకెళ్లింది. అక్కడ ట్రంకు పెట్టె తెరిస్తే, దాన్నిండా శాలువాలే.

"మా చర్చిల ప్రసంగానికి ఎవరొచ్చినా శాలువ. కొత్త పాస్టరు వస్తే శాలువ, పాత పాస్టరు పోతే శాలువ. పాస్టరమ్మ ఇల్లు సర్దుతుంటే పట్టక నాకిచ్చింది. పారేస్తే పాపం, కప్పుకుంటే దండుగ. గందుకని గిట్ల చేసిన."

మంచం మీద ఒక బొంత పరిచింది. పాత చీరల్ని పొరలుగా పేర్చి, చేత్తో దగ్గరదగ్గరగా టాకాలు వేసి కుట్టే దుప్పటి. మా వైపూ ఉండేది ఒకప్పుడు, ఇప్పుడు బజారు రజాయిలొచ్చి పోయింది. సలోమి బొంతకు పైన నీలం మీద పసుపుపూల నూలు చీర, అడుగున ఇంకో నూలు చీర. మధ్యలో పొరలుగా నాలుగు శాలువాలు.

"శాలువ ఒక్కటైతే సలికి ఆగది మేడం. నాలుగు గల్పి కుడితె ఆగుతది" అంది.

అది ఎవరికని అడిగాను. అప్పటిదాకా చలాకీగా ఉన్న మనిషి మంచం మీద కూలబడింది.

"మా బిడ్డకు. ఎస్తేరు. ఆదిలాబాద్ హాస్టల్ల తొమ్మిదో తరగతి. పోయిన సలికాలం నిమ్ము చేసి దవాఖానల పడ్డది మేడం. బతుకుతదో లేదో అన్నట్టయింది. ఈయేడు గూడ హాస్టల్ల కొత్త దుప్పట్లు ఇంక రాలే. బయటి బొంతలేమో వార్డెన్ మేడం తీసుకోనిస్తలేదు. ఒక్కల్లకు ఇస్తే అందరు ఏడుస్తరంటది. మా ఆయనకు బాయిల సెలవు దొరుకుతలేదు. మీరు గా ఊరే పోతున్నరు గద. పెద్దమనుషులు, మీరిస్తే కాదంటదా?"

ఆవిడ చేతులు పట్టుకుని, నా చేత్తో నీ బిడ్డకు కప్పి వస్తాను అని మాటిచ్చాను. ఇలాంటి మాటలివ్వడంలో నా నోరు ఎప్పుడూ ముందుంటుంది.

అడవి దారి

మంచిర్యాల దాటి, జన్నారం వైపు తిరిగాక అంతా టేకు అడవి. ఎండ ఉన్నా చలి తగ్గలేదు. రాజలింగం గారు కోతి టోపీ పెట్టి, దాని మీద మఫ్లరు చుట్టి, దాని మీద మళ్లీ అద్దాలు పెట్టుకున్నారు. నేను బొంతను ఒళ్లో పరుచుకున్నాను. ఆయనకది నచ్చలేదు.

"డిక్కిల గన్ని శాలువలు ఉండంగ, గా బొంతెందుకు మేడం? ఎవలన్నా సూస్తే బాగుండది."

"చలేస్తోందండీ."

"అయినా బొంత బొంతే గద" అని అటు తిరిగి కూర్చున్నారు. ఆయన మంచివారే. దారి పొడుగునా నా మందులూ, నా మంచినీళ్లూ గుర్తుపెట్టుకుని అడిగారు. కానీ గౌరవమంటే మెరవాలని ఆయన నమ్మకం.

ఇంద్రవెల్లి దగ్గర ఆగి జొన్నరొట్టె, ఠేచా తిన్నాం. పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ పెనం మీద వేయించి కచ్చాపచ్చాగా దంచుతారు. పేరు మహారాష్ట్ర వాళ్లది, మంట ఎవరిదైనా ఒకటే. రొట్టె పదిహేను రూపాయలు. ఠేచాకు ధర లేదు, ఎంత తినగలిగితే అంత. పక్కన పత్తి బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. ఒక రైతు నా సంగతంతా విని, రొట్టె నములుతూ అన్నాడు. "మీరేమో బట్టలు కొనొద్దంటున్నరు. మా పత్తి ఎవలు కొనాలె మరి?"

"పత్తి బట్ట కొనమనే చెప్తున్నానయ్యా. ప్లాస్టిక్ బట్ట వద్దంటున్నాను."

అతను తన మెరిసే చొక్కా కాలరు పట్టుకుని చూపించాడు. "గా పత్తి అంగీకి పైసలెక్కడియి? పండిచ్చేది పత్తి, తొడిగేది గిదే."  నా ఉపన్యాసం కాగితం అంచున ఆ మాట రాసుకున్నాను.

ఆదిలాబాద్

ఊళ్లోకి వస్తుంటే రోడ్డు పక్క చెట్లకు పత్తి పూసినట్టుంది. లారీల నుంచి ఎగిరి కొమ్మలకు అంటుకున్న దూది అదంతా. ఇంత పత్తి ఉన్న ఊళ్లో ఇంత చలేమిటా అనిపించింది. పొద్దున కుళాయి విప్పితే నీళ్లు కావు, సూదులు పడ్డాయి.

సభ ఒక ఫంక్షన్ హాల్లో. హాలు నిండుగా కనబడడానికి హాస్టలు పిల్లల్ని తీసుకొచ్చి ముందు టార్పాలిన్ మీద కూర్చోబెట్టారు. పల్చటి యూనిఫారాలు, ఎవరి చేతులు వాళ్ల చంకల్లో. నేను నేరుగా వార్డెన్ దగ్గరికి వెళ్లి బొంత సంగతి చెప్పాను. ఆవిడ గయ్యాళి అనుకున్నాను. కాదు, అలిసిపోయిన మనిషి.

"ఒక్క పోరికి ఇస్తే తక్కినోళ్ల మొహం నేనెట్ల సూడాలె మేడం? కొత్త దుప్పట్లు వస్తయంటున్నరు. ఎప్పుడస్తయో తెల్వది. అప్పటిదాంక ఎవ్వలికి వద్దు."

సరే, సభయ్యాక ఎలాగైనా ఒప్పిద్దామని బొంత సంచిని నా కుర్చీ పక్కన పెట్టుకున్నాను. ప్రార్థన గీతం పాడటానికి ఒక పిల్లను పిలిచారు. "ఎస్తేరు, తొమ్మిదవ తరగతి." బక్కపలచటి పిల్ల. తల్లి కళ్లే. గొంతు ఎంత బాగుందో! రెండో చరణంలో దగ్గొచ్చింది. ఆపుకుంది, మళ్లీ పాడింది, మళ్లీ వచ్చింది. ఎలాగో ముగించి, వణుక్కుంటూ పోయి టార్పాలిన్ మీద కూర్చుంది. 

ఇక సన్మానాలు. వేదిక మీదికి జనం వస్తూనే ఉన్నారు, కుర్చీలు చేరుతూనే ఉన్నాయి. చివరికి ముఖ్య అతిథి వచ్చేసరికి శాలువాలు అయిపోయాయి! నా సూట్‌కేసు చూస్తే లాడ్జిలో ఉంది. రాజలింగం గారి మొహంలో నెత్తురు లేదు. నా మెడలోది తీసివ్వబోతే, "కప్పింది తియ్యొద్దు మేడం!" అని అరిచినంత పని చేశారు. ఆయన కళ్లు అటూ ఇటూ వెతికి నా సంచి మీద పడ్డాయి. నేను "అయ్యో, అది కాదండీ" అనేలోపే బొంత ఆయన చేతుల్లో ఉంది.

"సభ అయినంక ఇప్పిస్త మేడం, నా ఇజ్జత్ కాపాడుండ్రి" అని, మైకులో "పాత శాలువలతోని తయారైన పర్యావరణ శాలువ!" అని ప్రకటించి, ముఖ్య అతిథి భుజాల మీద కప్పేశారు.

ముఖ్య అతిథి ముందు దాని బరువుకు వంగారు. తర్వాత దగ్గరికి లాక్కున్నారు. తర్వాత కాళ్ల దాకా కప్పుకున్నారు. "గిది మంచిగున్నది రాజలింగం. గిది నేను ఇంటికి తీస్కపోత" అన్నారు. మైకులోనే అన్నారు.

నేను రాజలింగం గారి వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశారు. కప్పింది ఎవరు తీస్తారు? వార్డెన్ తీసుకోనివ్వదన్న బాధ పోయి, అసలు బొంతే పోయే గతి పట్టింది. గోదావరిఖనిలో నేను పట్టుకున్న ఆ చేతులు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక నా మీద నేనే మండిపడ్డాను.

అప్పుడు నన్ను మాట్లాడమన్నారు. ఉపన్యాసం పక్కన పడేశాను. మైకు పట్టుకుని, నా పెద్ద నోరు దేవుడెందుకిచ్చాడో ఆ రోజే తెలిసింది, ఇలా అన్నాను.

"అయ్యా, మా తెనాలి వైపు ఒక ఆచారం ఉంది. ప్రార్థన గీతం పాడిన పిల్లను సన్మానించకుండా సభ ముగిస్తే అరిష్టం. అది కూడా, ముఖ్య అతిథి తన భుజాల మీది శాలువాను తన చేతులతో తీసి కప్పాలి. అది ఆయనకు అవమానం కాదు, రెట్టింపు గౌరవం. ఎస్తేరు, రామ్మా!"

అలాంటి ఆచారం తెనాలిలో లేదు. ఎక్కడా లేదు. కానీ అరిష్టమన్నాక కాదనే మగాడు తెలుగునాట వేదికల మీద ఇంకా పుట్టలేదు. ఫొటోలవాళ్లు ముందుకు జరిగారు. ముఖ్య అతిథి అయిష్టంగా, ఒక్కసారి బొంతను తడిమి చూసుకుని, లేచారు. పిల్ల భుజాల మీద కప్పారు. ఎస్తేరు తల వంచి అంచు చూసుకుంది. నీలం మీద పసుపుపూలు.

"గిది మా అవ్వ చీర" అంది. అక్కడ అవ్వంటే అమ్మే. మైకు దగ్గరే ఉంది గనక హాలంతా వినబడింది.

ముఖ్య అతిథి నోరు తెరిచారు. అప్పటిదాకా ఆయన ఊరందరి ముందు ఒకావిడ పాత చీర కప్పుకుని కూర్చున్నారన్నమాట. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "గందుకే గంత ఎచ్చగున్నదా బిడ్డా" అన్నారు. ఆ మాటకు నేను ఆయన తప్పులన్నీ క్షమించేశాను.

ఫొటో బాగా వచ్చిందని చూసి, మిగతా అతిథులంతా లేచారు. తలో పిల్లనూ పిలిచి తమ శాలువాలు కప్పడం మొదలుపెట్టారు. చప్పట్లే చప్పట్లు. నా కళ్లు చెమర్చాయి. నా ఆచారం ఇంత త్వరగా నాటుకుంటుందనుకోలేదు.

కార్లు కదిలిపోయాక రాజలింగం గారు గోనెసంచి తీసుకుని పిల్లల వరస దగ్గరికి వెళ్లారు. ఒక్కొక్కరి భుజం మీంచి శాలువా తీసి, మడతపెట్టి, సంచిలో వేయసాగారు.

"కప్పింది తియ్యకూడదన్నారు కదండీ!" అని సంచికి అడ్డం వెళ్లాను.

"పెద్దోళ్లకు కప్పింది మేడం. పిల్లలకు ఫోటో కోసం కప్పిండ్రు గద. రేపు నిర్మల్‌ల ఇంకో సభ ఉన్నది, మళ్ల తక్కువ పడ్తె ఎట్ల?"

చెడామడా తిట్టాను. ఏమన్నానో ఇక్కడ రాయను. ఆయన చిన్నబుచ్చుకున్నారే గానీ, సంచి ఆపలేదు. ఎస్తేరు దగ్గరికి వచ్చేసరికి పిల్ల బొంతను రెండు చేతులా బిగించి పట్టుకుంది. ఆయన చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నారు.

"గిదొద్దు. బొంత గద. గిదెవలు కప్పుకుంటరు సభల."

అలా మిగిలింది. మెరవకపోవడం వల్ల మిగిలింది.

వార్డెన్ అంతా చూస్తూనే ఉంది. "సన్మానంల వచ్చింది, నేనైతే గుంజుకోను" అంది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది. "గని మేడం, ఆ రూముల ఇంకేడుగురున్నరు. ఇచ్చేదుంటే అందరికి ఒక్కపారే ఇయ్యుండ్రి. ఒకరికిచ్చి ఒకరికి లేకుంటె మాత్రం నేను తీసుకోను." సరేనని, ఇంకా ఏడు బొంతలు అని చీటీ మీద రాసుకున్నాను.

ఎస్తేరు పక్కన ఇంకో పిల్ల నిలబడింది. దాని పేరు జంగుబాయి, ఉట్నూరు దగ్గర గూడెం నుంచి వచ్చిందట. బొంత కొసను వేళ్లతో నలుపుతోంది. "మా ఇద్దరి మంచాలు పక్కపక్కనే మేడం. దీంట్ల ఇద్దరం పండుకుంటం" అంది ఎస్తేరు.

ఇల్లు

తిరుగు దారిలో గోదావరిఖనిలో దిగి సూట్‌కేసు మొత్తం సలోమి ఇంట్లో గుమ్మరించాను. ఆవిడ శాలువాల వైపు చూడలేదు. "దగ్గుతున్నదా మేడం?" అంది. కొంచెం దగ్గుతోంది, కానీ వెచ్చగా ఉంది అన్నాను. గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని శాలువాలు లెక్కపెట్టడానికి కూర్చుంది.

ఇంటికొచ్చాక నేను అటక ఎక్కాను. మా శాలువాలన్నీ మూటకట్టి సలోమికి పార్సిల్ చేశాను. మా ఆయన ఆ రోజంతా హుషారుగా ఉన్నారు, స్టూలు కూడా పట్టుకున్నారు. చలి ముదిరింది. ఒక సాయంత్రం సలోమి ఫోను చేసింది. మా ఆయన పేపరు చదువుకుంటున్నారు, ఫోను స్పీకర్లో ఉంది.

"అందరియి అయినయ్ మేడం. జంగుబాయిది ఒక్కటే మిగిలింది. మూడు శాలువలే ఉన్నయ్. ఒకటి తక్కువ. ఆ ఒక్కదాని కోసం అన్ని ఆగినయ్."

"మూడింటితోనే కుట్టెయ్ సలోమీ."

"ఆ ఒక్క బిడ్డకే తక్కువ చేస్తనా? మనసొప్పది మేడం."

"పోనీ నేను డబ్బు పంపుతాను, ఒకటి కొనేసెయ్."

"శాలువ కొనుడా! మీరు గంత చెప్పినంక?" అని నవ్వింది. నా ఉపన్యాసం విన్న మనిషి ఈ దేశంలో ఒక్కరుంటే, అది ఆవిడే.

ఫోను పెట్టేశాను. మా ఆయన పేపరు దించలేదు. ఏ అచ్చుతప్పు దొరికిందో అనుకున్నాను.

పొద్దున్న లేచేసరికి భోజనాల బల్ల మీద మెరూన్ శాలువా ఉంది. కవరు తీసేసి ఉంది. కలరా ఉండలు పక్కన సాసరులో ఉన్నాయి. జరీ అంచు విడదీసి, దారాలు కూడా ఏరేశారు. పిల్లకు గుచ్చుకుంటుందని కాబోలు. నేను నోరు తెరిస్తే ఆయనే ముందు అన్నారు.

"కప్పింది తీయకూడదు అన్నారని చెప్పావుగా. ఇది నేనెప్పుడూ కప్పుకోలేదు. తీయొచ్చు."

పోయిన వారం ఆ గదికి బొంతలన్నీ ఒకేసారి చేరాయి. జంగుబాయి బొంతకు పైన సలోమి వాళ్ల పిన్ని పాత చీర, అడుగున పాస్టరమ్మ చీర. లోపల మూడు శాలువాల మధ్యన మా ఆయన సర్వీసంతా ఉంది. పైకి ఏమీ కనబడదు. వెచ్చగా ఉందని మాత్రం కబురొచ్చింది.